పక్కకి చూస్తూ ముక్కు కుట్టిన తాత

టైడా స్టేషన్ దగ్గర రోడ్డు పక్క రేకుల కొట్టులో కొన్న వలిసె నూనె సీసా మూత తీయగానే నేను చేసిన మొదటి పని దాన్ని అనుమానించడం. సీసా మీద ముక్కుకి మూడు పోగులు పెట్టుకున్న కొండ ముసలమ్మ ఒకామె నవ్వుతూ ఉంది, కింద అచ్చమైన నూనె అని రాసి ఉంది. అచ్చమైనదని రాయాల్సి వచ్చిందంటే ఏదో ఉందన్నమాటే. ముప్పై ఏళ్లు ఒక దినపత్రికకి మన్యం ఏజెన్సీ వార్తలు రాసిన మనిషిని. చేతికి కాగితం ఇస్తే ముందు వెనకవైపు తిప్పి చూస్తాను, ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వారా అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తాను. అరచేతిలో రెండు చుక్కలు వేసి రుద్ది చూశాను. సగం పామాయిల్ అనిపించింది. కానీ మిగతా సగం లోంచి ఆ పచ్చి గింజ వాసన, కాస్త చేదుగా, కాస్త మట్టిగా, మా ఇంటి అటకలా, లేచి నా మొహానికి తగిలింది.

నూనె నా కోసం కాదు. మా చెల్లెలి కూతురు స్వాతి విశాఖలో చదువుకుంటోంది. అక్కడేదో పార్లర్‌లో మిషన్‌తో ముక్కు కుట్టించుకుని, అది వాచి ఎర్రబడితే వాళ్లమ్మకి చెప్పడానికి భయపడి నా దగ్గరికొచ్చింది. పొయ్యి మీద గరిటెలో ఆ నూనె పోసి, చిటికెడు పసుపు వేసి వెచ్చబెడుతుంటే, నా పక్కన నిలబడినది స్వాతి అని ఒక్క క్షణం మరిచిపోయాను. నేనే అక్కడ నిలబడి ఉన్నట్టుంది, తొమ్మిదేళ్ల దాన్ని, రెండు చేతులతో నా ముక్కు మూసుకుని.

మా ఊరు పెదబయలు దాటి లోపలికి, పేరు చివర పుట్టు అని వచ్చే అనేక పల్లెల్లో ఒకటి. కార్తీకంలో కొండ వాలంతా వలిసె పూలతో పచ్చగా అయ్యేది, ఆ పసుపు వెలుగు ఇళ్లలోకి కూడా వచ్చి గోడలకి అంటుకున్నట్టుండేది. పూలు రాలి గింజ పట్టాక ఆడవాళ్లు దాన్ని వేయించి దంచి, మూటలు కట్టి రెండు దుంగల మధ్య పెట్టి, పై దుంగ మీద ఇద్దరు ముగ్గురు ఎక్కి తొక్కేవాళ్లు. బొట్టు బొట్టుగా కారే ఆ నూనె కోసం పిల్లలం అడ్డాకు దొప్పలు పట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్లం. కూరకి అదే, జుట్టుకి అదే, దీపానికి అదే, దెబ్బకి అదే. చలికాలం పొద్దున్నే సోడి, అంటే రాగుల, అంబలి మరుగుతున్న వాసన, గడ్డి కప్పులోంచి నెమ్మదిగా బయటికి పోయే పొగ వాసన, పశువుల శాల లోంచి వచ్చే వెచ్చటి పేడ వాసన, వీటన్నిటి కింద అడుగున ఈ నూనె వాసన ఉండేది.

అనుమానం కూడా మా ఊళ్లో అలాగే, ప్రతి దానికీ వాడేవాళ్లం. దూరంగా జీపు మోత వినబడితే ముందు కోళ్లని లోపల వేసేవాళ్లు, తర్వాత మనుషులు చెట్ల చాటుకి జరిగేవాళ్లు. వచ్చిన వాళ్ల మొహం కంటే కాళ్లు ముందు చూసేవాళ్లు: బూట్లయితే అడవి శాఖ మనుషులు, తోలు చెప్పులయితే సంత షావుకారులు, రబ్బరు చెప్పులయితే కాస్త కూర్చోబెట్టవచ్చు. మా నానమ్మ షావుకారు తక్కెడ వైపు చూసేది కాదు, తూచేటప్పుడు అతని మోకాలు ఎటు కదులుతోందో చూసేది. ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే దాన్ని మూడు రోజులు గుమ్మం బయటే ఉంచేవాళ్లు. మేం అడ్డ పిక్కలతో, ఆ అడ్డాకు తీగ గింజలతో, ఆడుకునే ఆటలో కూడా, ఓడిన పిల్లకి గెలిచిన పిల్ల గుప్పిట విప్పి చూసే హక్కు ఉండేది. నాకు ఆ ఆటలో పిక్కలు పట్టడం కంటే గుప్పిటలు విప్పించడమే ఇష్టంగా ఉండేది.

తాతని మాత్రం ఎవరూ అనుమానించేవాళ్లు కాదు. ఆయన మా అయ్యకి తండ్రి, సన్నటి మనిషి, చెవిలో ఎప్పుడూ సగం కాల్చిన చుట్ట. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన్ని ముక్కుల తాత అనేవాళ్లు. గిత్తలకి ముక్కు కుట్టి తాడు ఎక్కించేది ఆయనే. కొండ మీద నాగలి కట్టే గిత్త ఏదైనా ఒక్కసారి ఆయన చేతి కిందికి రావాల్సిందే. మాఘంలో చలి తగ్గీ తగ్గగానే, ఈగలు ముసరకముందే ఆ పని జరిగేది. ఆ పది పదిహేను రోజులూ మా ఇంటి ముందు పనసచెట్టు దగ్గర గిత్తలూ వాటి మనుషులూ, ఒకరి చుట్టకి ఒకరు నిప్పు ఇచ్చుకుంటూ, జీలుగు కల్లు బుర్రలు దింపుకుని కూర్చుంటే, ఊరికి పండగలా ఉండేది. పని చేయించుకున్న వాళ్లు తాతకి ఒక కుంచెడు సామలో, పనసకాయో ఇచ్చి వెళ్లేవాళ్లు.

ఆయన పద్ధతి ఇది. గిత్త మెడని పనసచెట్టు కవటలో, రెండు కొమ్మలు చీలే చోట, పెట్టి ఇద్దరు మగవాళ్లు కొమ్ములు పట్టుకునేవాళ్లు. తాత ఎదురుగా వచ్చేవాడు కాదు. వెనకనుంచి వచ్చి, మెడ మీదుగా ఎడమచేయి చాపి, బొటనవేలు ఒక ముక్కురంధ్రంలో, నడిమివేలు రెండో దాన్లో పెట్టి, లోపలి గోడని నెమ్మదిగా నలిపేవాడు. బయట మెత్తగా ఉంటుంది, లోపల గట్టి ఎముకలా ఉంటుంది, ఆ రెంటికీ మధ్య వడ్లగింజంత చోటు పలచగా ఉంటుంది. అక్కడ పొడిస్తే రక్తం నాలుగు చుక్కలే. ఇవతల పొడిస్తే ఏడాదిలో చిరుగుతుంది, అవతల పొడిస్తే గిత్త జన్మంతా తల విదిలిస్తూనే ఉంటుంది. ఆ చోటు దొరికాక తాత మొహం పక్కకి తిప్పుకుని, ఎదురుగా ఉన్న కొండ వైపు చూసేవాడు. అలా చూస్తూనే కుడిచేత్తో కొమ్ము మొన దింపేవాడు. దున్న కొమ్ము ముక్కని రాతి మీద నెలలపాటు అరగదీసి చేసుకున్న మొన అది. దాని తోకకి ఉన్న బెజ్జంలోంచి నారతాడు దాని వెనకే వచ్చేసేది. వెంటనే పసుపు కలిపిన వలిసె నూనె రాసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయేవాడు. అప్పుడు ఆ గిత్తతో దున్నబోయే మనిషి, ఉప్పు వేసిన అంబలి దుత్త పట్టుకుని ముందునుంచి వచ్చేవాడు. కళ్లు తెరిచి చూసేసరికి గిత్తకి కనబడేది ఆ మనిషే. ముక్కు కుట్టినవాడు ఆ గిత్తతో జన్మలో నాగలి కట్టకూడదు. అది మా ఊరి కట్టుబాటు.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన మాఘంలో మా సొంత గిత్త సుక్కడికి కుట్టాల్సిన వంతు వచ్చింది. నుదుట తెల్ల చుక్క ఉన్న ఎర్ర గిత్త. దాని జత నల్లోడు అనే ముసలి ఎద్దు ఒంటరిగా మిగిలి అప్పటికి ఏడాది. సుక్కడు కాడికి వస్తేనే మా చేలు దుక్కి లేస్తాయి, లేకపోతే ఎవరి చేలోనో కూలికి పోవాలని ఇంట్లో రోజూ అనుకునేవాళ్లు. అదే సమయంలో నానమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నా ముక్కు పక్కలు వేళ్లతో నొక్కి చూస్తూ మా అమ్మతో అన్న మాట నా చెవిన పడింది.

"ఈ ఏడే గుంటక్కూడా కుట్టిసీవాలి. ముదిరిపోతే తోలు గట్టిపడిపోద్ది."

నానమ్మకి మూడు పోగులు, రెండు పక్కలా రెండు, మధ్యలో వేలాడేది ఒకటి. గుంటలకి, ఊళ్లో ఆడపిల్లలందరికీ, ఆవిడే నిమ్మ ముల్లుతో కుట్టేది, తర్వాత రాసేది ఇదే నూనె, ఇదే పసుపు, ఇదే మట్టి మూకుడు. ఇద్దరికీ ఒకటే మూకుడు అయినప్పుడు, తర్వాత కట్టేది మాత్రం ఒకటి కాదని ఎందుకు నమ్మాలి? సుక్కడి మెడకి కొత్త పగ్గం పేనుతున్న అయ్య దగ్గరికి వెళ్లి అది ఎన్ని మూరలో కొలిచి వచ్చాను. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి మనిషినీ కనిపెట్టడం మొదలుపెట్టాను. నానమ్మ నుంచి మొదలైన కాపలా రెండు రోజుల్లో తాత మీదికి మళ్లింది, ఎందుకంటే చూడాల్సినవి ఆయన దగ్గరే ఎక్కువ దొరికాయి.

అంబలి దుత్త అందుకునేటప్పుడు ఆయన చేయి ముందు గాలిలో ఆగేది. చుట్ట చెవిలో ఉంటే నేల తడిమేవాడు. ఆకు కోసి తెస్తే చూసేవాడు కాదు, నలిపి వాసన చూసేవాడు. గుమ్మంలోకి ఎవరైనా వస్తే వాళ్లు మాట్లాడేదాకా ఆగి అప్పుడు పేరు పెట్టి పిలిచేవాడు. ఒకరోజు గుప్పిట్లో నాలుగు అడ్డ పిక్కలు పట్టుకుని ఆయన ముందు విప్పాను.

"తాతా, ఇయ్యెన్ని?"

"నీ సేతిలో పట్టినన్ని" అని నవ్వాడు.

"ఎన్ని పట్టినాయి మరి?"

"ఒలే, పోలీసు గుంటా, ఎల్లి ఆడుకో ఎల్లు."

నాకు సమాధానం దొరికిపోయింది. ఆ సాయంత్రం అయ్య, పక్కింటి గాసన్న మామ మంట దగ్గర కూర్చుని ఉన్నారు. గాసన్న మామ ఊరందరి విషయాలూ మోసే మనిషి, నవ్వించకుండా ఏ మాటా చెప్పడు. వాళ్ల మధ్యకి వెళ్లి నిలబడ్డాను.

"అయ్యా, తాతకి కళ్లు అవుపడవు."

"ఎవులు సెప్పినారే నీకు?"

"ఎవులూ సెప్పనేదు. నేనే సూసినాను." ఇక ఒక్కొక్కటీ చెప్పాను, అంబలి, చుట్ట, ఆకు, పిక్కలు. ఆఖరికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం బయటపెట్టాను. "అందుకే ముక్కు కుట్టినప్పుడు పక్కకి సూత్తాడు. ఎటు సూసినా ఒకటే గదా."

గాసన్న మామ పొగ వదిలి నవ్వాడు. "అవునురోయ్, నిజమే గదా. కొండకేసి సూసి కుడతాడు. గిత్తని కుడతన్నాడేటి, కొండని కుడతన్నాడేటి?"

అయ్య నవ్వలేదు. తాత మొహం ఎందుకు తిప్పుకుంటాడో ఆయనకి తెలియకపోలేదు, ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. కానీ నలభై ఏళ్లుగా ఒకలా కనబడ్డ సంగతి ఆ మంట దగ్గర ఇంకోలా కనబడింది. అది ఒకసారి అలా కనబడ్డాక వెనక్కి పోలేదు. తెల్లారేసరికి గాసన్న మామ ఆ మాటని నీళ్ల ఊట దాకా మోశాడు. ఊట దగ్గర నుంచి అది పక్క పుట్టుకి వెళ్లింది. నాకు మాత్రం గర్వంగా ఉంది. పెద్దవాళ్లు చూడనిది నేను చూశాను.

అయ్య తాతని ఏమీ అడగలేదు. పనసచెట్టు కింద కూర్చుని మొన అరగదీసుకుంటున్న తాత దగ్గరికి వెళ్లి, వేరే మాటలా ఎత్తాడు.

"సంతలో పసువుల క్యాంపు పెడతన్నారంట. ముక్కుకి రాగి రింగు ఏత్తారంట, ఊరికే."

"ఊరికే ఏత్తారా?"

"ఊరికే."

"మరి ఆల్లకేటొత్తాది?"

తాత మొన మీద బొటనవేలు ఆనించి చూసుకుని, నార గుడ్డలో చుట్టి, చూరులో దోపేశాడు. ఆ ఏడు మా ఇంటి ముందు పనసచెట్టు కింద ఒక్క గిత్త కూడా కట్టలేదు. వస్తామన్న వాళ్లందరూ ఏదో ఒక పని చెప్పి క్యాంపు రోజు కోసం ఆగారు.

క్యాంపుకి వచ్చింది కింద మైదానం నుంచి ఒక చిన్న జట్టు. వాళ్లలో పొట్టి చేతుల చొక్కా వేసుకున్న పెద్దాయన సుక్కడికి రింగు వేశాడు. పని శుభ్రంగానే చేశాడు. రింగు బిగించాక అయ్య వైపు తిరిగి రెండుసార్లు చెప్పాడు: "ఇది నడిపించుకు పోవడానికే బాబూ. దీనికి పగ్గం కట్టి నాగలి లాగించొద్దు. నాగలికి మామూలు తాడే." అయ్య తల ఊపాడు. నేనూ విన్నాను. మెరిసే రింగుతో దారిలో నడుస్తున్న సుక్కడి వెనకే వస్తూ తండ్రీ కూతుళ్లం ఇద్దరం ఒకటే ఆలోచించాం, అయ్య పైకే అన్నాడు.

"నారతాడుకి లాగొచ్చంట, రాగికి లాగకూడదంట. ఏదో దాసినాడులే. ఊరికే ఇచ్చినోడు పూర్తిగా ఎందుకు సెప్తాడు?"

నాకది ఎంతో తెలివైన మాటగా అనిపించింది. ఇంటికి రాగానే ఊరంతా రింగు చూడటానికి వచ్చింది. నానమ్మ తన మూడు పోగులూ తడుముకుని, "ఓలమ్మ, మా అందరి కన్నా దీనికే బాగుంది" అంది. తాత ఒక్కడే అరుగు దిగలేదు.

మొదటి వానలకి చేను మెత్తబడింది. పైరు పోసే మడి అది, కొండ మీద నుంచి పాయ దిగి తడిపే చోటు. నల్లోడిని ఎడమవైపు దాపట, సుక్కడిని కుడివైపు వలపట కట్టి అయ్య నాగలి దింపాడు. పగ్గం నేరుగా రాగి రింగుకి కట్టాడు, తాడు కంటే రాగి గట్టిదని. నేను అంబలి దుత్త పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. మూడు చాళ్లు బాగానే వచ్చాయి. నాలుగో చాలు మలుపులో సుక్కడు పచ్చగడ్డి వైపు తల తిప్పింది. అయ్య పగ్గం గుంజాడు. నారతాడైతే ముందు తనే సాగుతుంది, ఇంకా లాగితే తెగుతుంది. రాగికి సాగడం తెలియదు. తడిగుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు అయింది. తర్వాత చూస్తే రింగు పగ్గం చివర ఊగుతోంది, దాని మీద బురద కాని ఎరుపు ఏదో ఉంది. సుక్కడు మోకాళ్ల మీద కూలబడి, కాడి లాక్కుని మళ్లీ లేచి, చెరువులో మునిగిన మనిషిలా ఊపిరి తీసింది.

తాత వచ్చాడు. ఎవరూ పిలవలేదు, అరుపు విని వచ్చాడు. గట్టుని కాలితో తడుముకుంటూ దిగి, సుక్కడి పక్కన బురదలో కూర్చుని, చీలిన ముక్కులో రెండు వేళ్లూ పెట్టాడు.

"కుట్టిన సోటు తప్పు గాదురా" అన్నాడు అయ్యతో. "సరైన సోటే ఏసినాడు ఆ బాబు. గుంజిన సెయ్యి తప్పు."

అయ్య గట్టు మీదికి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నా చేతిలోని దుత్త నేల మీద పెట్టేశాను. ఆ అంబలి తాగే వాళ్లెవరూ లేరు.

పుండు మానడానికి వానాకాలం సగం పట్టింది. పురుగు పడింది. తాత సీతాఫలం ఆకు నూరి లోపల దూర్చేవాడు, తర్వాత పసుపు కలిపిన వలిసె నూనె, రోజుకి రెండుసార్లు. ముక్కు మానింది కానీ రెండుగా మానింది. మధ్య గోడ లేని ముక్కుకి తాడు ఎక్కించడం కుదరదు, తాడు లేని ఎద్దుని మడిలో తిప్పడం కుదరదు. సంతలో పశువుల మందలు తోలుకుపోయే మనుషులు ఇద్దరు వచ్చి, సుక్కడి మూతి ఎత్తి చూసి, ఒకడు నవ్వాడు: "ముక్కు నేని దాన్ని ఎవులు కొంటారు, మేం తప్ప." ఆ మందలు ఘాట్ దిగి ఎటు పోతాయో, అక్కడ పశువుల్ని ఏం చేస్తారో మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. వచ్చే సంతకి తోలుకొస్తానని అయ్య మాట ఇచ్చేశాడు.

"సోడి నాట్లు అయ్యీదాక ఉంచు" అన్నాడు తాత.

"ఉంచి ఏటి సేత్తాం?"

"నేను దున్నుతాను."

"నువ్వా?" అన్నాడు అయ్య. ఆ ఒక్క మాటలో నేను మంట దగ్గర చెప్పినవన్నీ ఉన్నాయి.

"నేను కుట్టనేదు గదా" అన్నాడు తాత. "దాని కళ్లల్లోకి సూడొచ్చు నేను."

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన మొహం ఎందుకు తిప్పుకునేవాడో. నొప్పి పెట్టినవాడి మొహం గిత్తకి గుర్తుండకూడదని, నలభై ఏళ్లలో వేలు పెట్టిన ఏ గిత్త కళ్లల్లోకీ ఆయన చూడలేదు, వాటితో నాగలి కట్టలేదు. మా ఇంటి ఎద్దులతో కూడా ఎప్పుడూ అయ్యే దున్నేవాడు, తాత గట్టు మీదే ఉండేవాడు. సుక్కడు ఆయన చేయి పడకుండా తప్పిపోయిన మొదటి గిత్త. మర్నాటి నుంచి పొద్దున్నే దాని దగ్గరికి వెళ్లి, నుదుటి చుక్క మీద అరచేయి పెట్టి, తన మొహం దాని మొహానికి ఆనేంత దగ్గరికి తీసుకెళ్లి చూసేవాడు. అంత దగ్గరికి పోతే తప్ప ఆయనకి కనబడదని అప్పటికి నాకు ఖాయంగా తెలుసు. కొమ్ముల మొదట్లో వదులుగా ఒక తాడు వేసి, వాకిట్లో గుండ్రంగా తిప్పుతూ రెండే మాటలు చెప్పేవాడు, ఆగడానికి ఒకటి, తిరగడానికి ఒకటి. గాసన్న మామ కంచె అవతల నుంచి, "ఏటి తాతా, ఎద్దుకి అచ్చరాలు నేర్పుతున్నావేటి?" అని అడిగితే, "నీకంటే బేగి నేర్సుకుంటంది" అని ఇవతల నుంచి సమాధానం వచ్చేది.

ఊళ్లో అందరి చేలూ అయ్యాక, ఆఖరున మా చేను లేచింది. ముసలి నల్లోడు దారి చూపిస్తుంటే, ముక్కుతాడు లేని సుక్కడు పక్కన నడిచింది. తాత చాలుని వట్టి కాలితో తెలుసుకుంటూ వెనక నడిచాడు. చాళ్లు వంకరగా వచ్చాయి. సోడి నాట్లు అయ్యాయి. అయ్య సుక్కడిని సంతకి తోలలేదు, ఆ ఏడూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ. తాత తర్వాత అయ్య కూడా ఆ రెండు మాటలే నేర్చుకుని దానితో దున్నాడు. కానీ మా అయ్య చేయి మూతి దగ్గరికి వస్తే సుక్కడు చివరిదాకా తల వెనక్కి తీసుకునేది.

ఎద్దు దక్కింది. తాత పని దక్కలేదు. మరుసటి మాఘంలో ఆయన మొన తీసి, నూనె రాసి, పనసచెట్టు కింద తుడిచి శుభ్రం చేసుకుని కూర్చున్నాడు. గిత్తలు మా ఇంటి ముందు నుంచే పోయాయి, ఆగకుండా. కొన్ని క్యాంపుకి, కొన్ని ఆ పక్క పుట్టులో దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టిన ఒకతని దగ్గరికి. రింగుకి పగ్గం కట్టి చించుకున్నది మా అయ్య అని ఊరందరికీ తెలుసు. అయినా తాతకి కళ్లు కనబడవన్నదే వాళ్లకి గుర్తుంది. ఆయన ఆ గిట్టల చప్పుడు వింటూ మెల్లగా చెప్పేవాడు: "అది గాసన్న గిత్త. ఎనక కాలు ఎడంగా ఏత్తంది. దానికి ముక్కు లోతుగా ఉంటాది, కాసింత పైన ఎయ్యాల." వినేదాన్ని నేనొక్కదాన్నే.

సీతాఫలాల కాలంలో ఒక మధ్యాహ్నం, పండు విప్పి తొనలు తీసి ఆయన చేతిలో పెడుతున్నాను. ఆయనే ఎత్తాడు.

"నువ్వు సూసింది నిజమేలే, గుంటా. పోతన్నాయి కళ్లు. ముందు కొండ పోయింది, ఇప్పుడు సెట్టు పోతంది."

నా చేతిలో పండు నలిగింది.

"కానీ ముక్కు లోపలికి కన్నెల్లదు గదే. ఏలే ఎల్తాది."

"మరి అయ్యకెందుకు సెప్పనేదు తాతా?"

"అడగనేదు గదా" అన్నాడు, ఏ కోపమూ లేకుండా, నోట్లో గింజ ఉమ్మేస్తూ. "మీ అయ్య అడగనేదు, నువ్వూ అడగనేదు. అందరూ సూసినారు."

తర్వాత ఉద్యోగంలో నేను రాసిన వార్తల్లో చాలావాటిని మా డెస్కు వాళ్లు ఆలస్యం చేశావని తిట్టుకున్నారు. ఎవరి మీద రాస్తున్నానో ఆ మనిషిని ఒకసారి అడగకుండా నేను పంపేదాన్ని కాదు. కారణం ఎవరికీ చెప్పలేదు.

నా ముక్కు కూడా సుక్కడి ముక్కు చిరిగిన ఆ ఏడే కుట్టారు. కొర్ర కొత్త పండగ రోజు, కొత్త కొర్రలు అడ్డాకుల్లో వడ్డిస్తుంటే, నానమ్మ నిమ్మ ముల్లుతో ఒక పక్కే కుట్టింది, రెండో పక్కకి నేను చెట్టెక్కేశాను. నాకు ఎవరూ పగ్గం కట్టలేదు. పాడేరు హాస్టల్లో పిల్లలు నవ్వితే పోగు తీసేశాను, బెజ్జం పూడిపోయి ఇప్పుడు చిన్న చుక్క మిగిలింది.

ఈమధ్య ఊరికి వెళ్తే పనసచెట్టు ఉంది, దాని కవట మాను పెరిగి మూసుకుపోయింది. మడుల్లో పవర్ టిల్లర్ తిరుగుతోంది. ఉన్న నాలుగు ఎద్దులకీ రంగురంగుల నైలాన్ తాళ్లు, ఎవరు కుట్టారో అడిగితే ఫలానా అని ఎవరూ చెప్పలేకపోయారు. మూడు పోగుల ముసలమ్మలు సీసాల మీదా, పర్యాటకుల ఫోన్లలోనూ ఉన్నారు. చూరు పోయి స్లాబు వచ్చినప్పుడు తాత కొమ్ము మొన ఎటు పోయిందో అయ్యకీ తెలియలేదు. ఆ మధ్య ఒక ప్రదర్శనలో అద్దం వెనక అచ్చం అలాంటిదే చూశాను, తోకలో బెజ్జంతో సహా. కింద జడ పిన్ను అని రాసి ఉంది. కాదని చెప్పడానికి అక్కడ మనిషి కోసం వెతికాను, ఎవరూ లేరు.

గరిటెలో నూనె వెచ్చబడింది. స్వాతిని వెలుతురులో కూర్చోబెట్టి, ముక్కు పక్క ఒక వేలు లోపల, ఒక వేలు బయట పెట్టి నెమ్మదిగా నొక్కాను. మిషన్ కాస్త పైన వేసింది, మెత్తదనం దాటి. అలా అని నా వేళ్లు అనుకున్నాయి, వాటిని కూడా నేను పూర్తిగా నమ్మను. పుడక నెమ్మదిగా తిప్పి చుట్టూ నూనె పట్టించాను. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పటికే నా మొహం కిటికీ వైపు, ఎదురింటి నీళ్ల ట్యాంకు వైపు తిరిగి ఉందని నాకు తెలియలేదు.

"పెద్దమ్మా, అటెక్కడో చూస్తూ రాస్తావేంటి?" అంది స్వాతి. "నీకు సరిగ్గా కనబడట్లేదా?"

దాని చూపులో ఆ అనుమానం నాకు బాగా తెలిసినదే. కానీ ఇది అడిగింది. నేను ఇటు తిరిగి, గరిటె కింద పెట్టి, దాని పక్కన కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.